గేటు దగ్గర టీ

ఇప్పటికీ వదినే అయిన వదినకు,

కార్బురేటర్‌లో ఆయిల్ పోసింది నువ్వే.

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఆ మాట ఇంకోసారి చదువు. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు. ఊకి జవాబు చెప్పగలిగిన వాదన ప్రపంచంలో ఇంకా పుట్టలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మీద ఊ కొట్టడం కుదరదు.

జరిగింది విను. నిన్న నర్సుకు డ్రైవింగ్ క్లాసు. బండి రెండు వీధులు దాటిందో లేదో దగ్గు మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవడం మానేసి ఆలోచనలో పడుతోంది. అద్దంలో చూద్దును కదా, వెనకంతా నీలం పొగ. స్కూటర్ మీద ఒకడు పక్కకొచ్చి, "మేడమ్, దోమల మందు కొడుతున్నారా?" అని అడిగి మరీ పోయాడు. నర్సు బండి ఓరగా ఆపి, "నేనేమైనా తప్పు తొక్కానా అక్కా?" అంది, కళ్ళనిండా నీళ్ళతో. ఆసుపత్రిలో అంబులెన్సు నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు దానికి, లైసెన్సు తెచ్చుకుంటే. ఆ పిల్ల కళ్ళనీళ్ళకు కూడా నువ్వే జవాబుదారివి, గుర్తుపెట్టుకో.

షెడ్డుకు తోసుకొచ్చి నేనే విప్పాను. ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే, లోపలి కాగితం నూనెలో వేయించినట్టుంది. దాని కింద కార్బురేటర్ నోరు. గాలీ పెట్రోలూ తప్ప ఇంకేదీ పోకూడని నోరు. అందులో నల్లటి ఆయిల్, గోడల వెంట కారి అడుగున చిన్న మడుగు కట్టింది. వేలు పెట్టి చూశాను, వాసన చూశాను. ఇంజన్ ఆయిలే. ఇంజన్ అడుగున పడి ఉండాల్సిన ఆయిల్ ఇంజన్ నెత్తి మీదికి ఎలా ఎక్కింది? ఆయిల్‌కు కాళ్ళు లేవు వదినా. ఎవరిదో చెయ్యి ఉండాలి.

ఆ చెయ్యి ఎవరిదో కనిపెట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఇన్నేళ్ళుగా కరపత్రాలు రాస్తున్నదాన్ని. ఏ తగువులోనైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: చెడితే ఎవరికి లాభం? ఈ బండి చెడితే నర్సుకు లాభమా? టైలరమ్మకా? రిటైరయ్యాక స్టీరింగ్ పట్టిన మన పెద్ద టీచరమ్మకా? మన స్కూలుకు ఉన్నదే ఈ ఒక్క బండి. అన్నయ్య పోయాక అది నీ పేరు మీదికి వచ్చింది. పెట్టె సర్దుకుని మీ తమ్ముడి ఊరికి బయల్దేరుతూ నువ్వు గుమ్మంలో అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది: "బండి మళ్ళీ మొరాయించిందంటే అమ్మేస్తాను, బోర్డు దించేద్దాం. నెలాఖరు దాకా చూస్తా." మీ తమ్ముడికి అక్కడ పెద్ద డ్రైవింగ్ స్కూలు. తళతళలాడే కొత్త కార్లు. అక్కయ్య వచ్చి పాఠాలు చెప్తే చాలని ఎదురుచూస్తున్నాడు. బండి మొరాయిస్తే నీకు వెళ్ళడానికి సాకు దొరుకుతుంది, నాకు "వద్దు" అనడానికి నోరు ఉండదు. ఇంతకంటే ఏం కావాలి?

కావాలంటే ఇంకా ఉంది. వెళ్ళే రోజు పొద్దున నువ్వు బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉండటం నేను కిటికీలోంచి చూశాను. చేతులకు ఆయిల్. పాత బనీను గుడ్డతో తుడుచుకుంటూ ఇటూ అటూ చూశావు. అప్పుడు అనుమానం రాలేదు, ఇప్పుడొస్తోంది. పైగా నిండుగా ఉండాల్సిన ఆయిల్ డబ్బా ఎత్తితే చేతికి తేలిగ్గా వస్తోంది. ఆ ఆయిల్ ఎటు పోయింది?

నువ్వు లేకపోతే స్కూలు కుంటుపడుతుందని అనుకుంటున్నావేమో. పడలేదు. పైగా పద్ధతిలో పెట్టాను. నువ్వున్నప్పుడు రోజూ పొద్దున బండిని న్యూట్రల్‌లో వేసి, షెడ్డు వాలు మీదుగా గేటు దాకా వెనక్కి జార్చి, అక్కడ స్టూలు వేసుకుని టీ తాగేదానివి. ఆ టీ అయ్యేదాకా ఎవరూ బానెట్ ముట్టుకోకూడదు. వచ్చినవాళ్ళు నీ గ్లాసు వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. ఆ సోకు నేను ఎత్తేశాను. ఇప్పుడు రాగానే షెడ్డులో ఉన్నది ఉన్నట్టే బానెట్ తెరుస్తున్నాం. "బానెట్ తెరవని చేతికి స్టీరింగ్ లేదు" అని గోడ మీద నేను రాయించిన మాట నీకు తెలుసు కదా. అది అక్షరాలా అమలవుతోంది. ప్రతి ఒక్కరూ తమ చేత్తో ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, ముంచి, గీత చూసి, తక్కువైతే తమ చేత్తోనే పోస్తున్నారు. ఆడదాని చేతికి మసి అంటితే తప్ప భయం వదలదని నా సిద్ధాంతం. నువ్వు "చూడండి చాలు, పోయొద్దు" అని వాళ్ళ చేతులు పట్టుకునేదానివి. భయం పెంచేది అదే.

ఇంకో మాట. నీ గురించి పత్రికలో అంత గొప్పగా వ్యాసం రాశాను. తెచ్చి చేతిలో పెడితే చదివి, మడిచి, డాష్‌బోర్డులో పడేశావు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ తర్వాతే పెట్టె సర్దావు. పొగిడితే పారిపోయే మనిషిని నిన్నే చూశాను. అప్పటికే మనసులో ఏదో పెట్టుకున్నావన్నమాట.

ఒప్పుకో. ఒప్పుకుంటే సగం తప్పు పోతుంది. మిగతా సగానికి నేను తిడతాను.

ఇట్లు,
నీ ఆడపడుచు
(ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అర్ధభాగం నాకొద్దు, నువ్వే ఉంచుకో.)



జవాబివ్వని వదినకు,

మౌనం అర్ధాంగీకారం అంటారు. నీ మౌనాన్ని నేను పూర్తి అంగీకారంగానే లెక్కగడుతున్నాను. కాకపోతే కథ ముదిరింది, విను.

మొదటి ఉత్తరం పోస్టులో వేసిన రోజే కార్బురేటర్ ఊడదీసి పెట్రోలుతో కడిగాను. కొత్త ఫిల్టర్ వేశాను. ప్లగ్గులు నాలుగూ మసిబొగ్గుల్లా ఉంటే బ్రష్షుతో రుద్ది బిగించాను. షెడ్డుకు తాళం మార్చాను. కొత్త తాళంచెవి నా మెడలోనే ఉంది, స్నానానికి కూడా తియ్యడం లేదు. ఇక నీ దగ్గరున్న పాత తాళంచెవి పళ్ళు కుట్టుకోవడానికి పనికొస్తుంది.

వారం తిరక్కుండా మళ్ళీ పొగ. మళ్ళీ మూత తీశాను. మళ్ళీ మడుగు!

అంటే నీకు ఇక్కడ మనిషి ఉన్నాడు. ఎవరా మనిషి? కళ్ళజోడు మెకానిక్. పేరు చెప్పి అన్యాయంగా నింద వేస్తున్నానని అనకు, సాక్ష్యం ఉంది. కబురు చేస్తే వచ్చాడు. షెడ్డులోనే బానెట్ ఎత్తి, పుల్ల తీసి చూసి, "ఆయిల్ తాగేస్తోందమ్మా బండి" అన్నాడు.

"తాగడం కాదయ్యా, కక్కుతోంది. కార్బురేటర్‌లో చూడు" అన్నాను.

చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నిట్టూర్చాడు. డాక్టర్లు బిల్లుకు ముందు నిట్టూరుస్తారే, అలాగ. "పిస్టన్ రింగులు అరిగిపోయాయి. మండిన గాలి రింగులు దాటి కిందికి దిగి, ఆయిల్‌ని పైకి తంతోంది. ఇంజన్ దించాల్సిందే. దించినా ఈ వయసులో గ్యారంటీ ఇవ్వలేను."

"వయసు ఎవరికి? బండికా, నాకా?"

"అమ్మేసుకోండమ్మా, సుఖపడతారు" అన్నాడు.

అమ్మేసుకోండి! ఈ మాట నీ నోట విన్నదే. నాకు ఒళ్ళు మండింది. "రుజువు చూపించు, ముందు కంప్రెషన్ చూడు" అన్నాను. సణుక్కుంటూ ప్లగ్గు తీసిన ఒక్కో బొక్కలో గేజ్ పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగు సిలిండర్లలోనూ ముల్లు శుభ్రంగా లేచింది. రింగులు అరిగితే లేస్తుందా? అదే అడిగాను. "ఆయిల్ తాగి ఉంది కదమ్మా, తాగినోడు కాసేపు బలంగానే కనిపిస్తాడు" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే వాదన ఓడిపోయినట్టే.

తర్వాత బ్రీదర్ పైపు. ఇంజన్ లోపలి ఊపిరి ఎయిర్ ఫిల్టర్‌లోకి వదిలే గొట్టం అదేనని నువ్వే చెప్పావు ఒకసారి. అది మూసుకుపోతే కూడా ఆయిల్ పైకి తంతుందట. ఊడదీసి నోటితో ఊదాను. గాలి ధారగా పోయింది, నా మూతికి మసి అంటింది. దాని చివర చిన్న వాల్వు ఉంటుందే, చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది. అదీ బాగుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాను. రింగులు పోతే గుప్పుగుప్పున పొగ తన్నాలి. తన్నలేదు. చెయ్యి మీద సన్నటి తుంపర, అంతే.

మరి రింగులు బాగున్నాయి, గొట్టం బాగుంది. ఇక మిగిలింది మనిషేగా? మెకానిక్ సామాను సర్దుకుంటూ ఊరికే అన్నట్టు అన్నాడు: "మొన్న మీ వదినగారి తమ్ముడు కూడా ఫోన్ చేశారమ్మా, బండి ఎలా ఉందని."

దొరికారు! మీ తమ్ముడికి నా బండి ఆరోగ్యం మీద అంత బెంగ ఎందుకట?

అక్కడితో ఆగలేదు. రెండు రోజులు మధ్యాహ్నాలు షెడ్డులో టార్పాలిన్ వెనక స్టూలు వేసుకుని కాపలా కాశాను. వచ్చింది ఒక పిల్లి. బానెట్ మీద వెచ్చగా పడుకుని, లేచి, ఒళ్ళు విరుచుకుని పోయింది. దాని కాళ్ళు కూడా చూశాను, ఆయిల్ ఉందేమోనని. టైలరమ్మ నన్ను టార్పాలిన్ వెనక పట్టేసి, "ఏంటి మేడమ్, మమ్మల్ని కూడా అనుమానిస్తున్నారా?" అంది.

"అందర్నీ. సమానత్వం" అన్నాను.

"పిల్లిని కూడా కలిపితే అప్పుడు సమానత్వం" అంది, దారం కొరికినట్టు మాట కొరికి.

అసలు వింత ఇంకోటి. పుల్ల చూస్తే ఆయిల్ ఎప్పుడూ తక్కువే. మనవాళ్ళు పోస్తారు, గీతకు వస్తుంది. రెండు రోజులకు మళ్ళీ కిందికి. మళ్ళీ పోస్తారు. డబ్బా అడుగంటుతోంది. అంటే ఎవరో కింద ఇంజన్లోంచి తోడి, పైన కార్బురేటర్‌లో పోస్తున్నారన్నమాట! ఇంత ఓపిక ఉన్న దుర్మార్గుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఓపిక అంటే నాకు తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే.

నెలాఖరు వస్తోంది. నర్సు లైసెన్సు పరీక్ష కూడా అప్పుడే. పొగలు కక్కే బండిలో పరీక్షకు పంపనా? నీకు కావలసింది ఇదే అయితే, ఎదురుగా వచ్చి చెప్పు. వెనకనుంచి ఆయిల్ పోయకు. మాట పొయ్యి.

నీ,
మెడలో తాళంచెవితో నిద్రపోతున్న
ఆడపడుచు



కరపత్రానికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండోది చదువుతుంటే మా తమ్ముడు, "ఏంటక్కా, కోర్టు నోటీసా?" అన్నాడు. "కాదురా, మా ఆడపడుచు ప్రేమ" అన్నాను. "ఇలా ఉంటుందా?" అన్నాడు. "ఇంతకంటే బాగా రాదు దానికి" అన్నాను.

మెకానిక్‌కి వాడు ఫోన్ చేసిన మాట నిజమే. చెయ్యమన్నది నేను. బండి ఎలా ఉందని నిన్ను అడిగితే వ్యాసం వస్తుంది. నాకు కావలసింది ఒక్క ముక్క.

వ్యాసం అన్నాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను. కాగితం మీద ఊ కొట్టడం కుదరదని నువ్వే అన్నావుగా. "భర్త నీడలోంచి తొలిసారి వెలుగులోకి వచ్చి, వణికే చేతులతో స్టీరింగ్ అందుకున్న స్త్రీ." ఎవరమ్మా ఈవిడ? చదివి నాకే జాలేసింది. పక్కన ఫోటో నాది. నా చేతులు ఎప్పుడు వణికాయి? మీ అన్నయ్యకు డ్రైవింగ్ నేర్పింది నేను. మా నాన్న వర్క్‌షాపులో నేను పెళ్ళికి ముందే లారీ రివర్స్ చేసేదాన్ని. మీ అన్నయ్య మొదటిసారి క్లచ్ వదిలితే బండి ఎగిరి కాలవగట్టున ఆగింది. చేతులు వణికింది ఆయనకి. వెనక సీట్లో ఐస్‌క్రీం తింటూ పడీపడీ నవ్వింది నువ్వు. ఇదంతా నీకు తెలుసు. తెలిసీ, నీ వ్యాసానికి అక్కరకు రాదని తీసేశావు. నువ్వు నన్ను విడుదల చేశావట. నేను జైల్లో ఉన్న సంగతి నాకెవరూ చెప్పలేదే!

మా ఇద్దరి సంసారంలో ఆయన నీడ ఎంత, నా నీడ ఎంత అనేది మాకు తెలుసు. దాన్ని నలుగురి ముందు నీకు కావలసిన కొలతకు కత్తిరించావు. పోట్లాడదామనుకున్నాను. నీతో పోట్లాడితే అది కూడా రాసేస్తావు. అందుకే పెట్టె సర్దాను.

ఇక బండి. వెళ్ళే రోజు నువ్వు కిటికీలోంచి చూసింది నిజమే. బానెట్ ఎత్తి పుల్ల చూశాను, గేటు దగ్గర నిలబెట్టి. ఆయిల్ సరిగ్గా పై గీతకు కొంచెం కింద ఉంది. ఇటూ అటూ చూసింది నీకోసం, చెప్పి వెళ్దామని. నువ్వు కిటికీ వేసేసుకున్నావు. ఆ తర్వాత ఒక్క చుక్క అక్కర్లేదు ఆ ఇంజన్‌కు. డబ్బా ఎందుకు తేలికైందో డబ్బానే అడుగు.

ఒక్కటి చెప్పు. పొద్దున బండిని గేటు దాకా దించుతున్నారా, లేదా? దించకపోతే, దించి చూడు. దించాక వెంటనే పుల్ల తియ్యకు, ఒక టీ తాగు. నేను తాగింది టీ కోసం కాదు.

నెలాఖరుకు వస్తాను. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టడానికో, చింపడానికో, వచ్చాక చూస్తాను. బండిని బట్టి కాదు. నిన్ను బట్టి.

మీ వదిన



వదినా,

విశేషణాలేవీ పెట్టడం లేదు. పెడితే మళ్ళీ నా కొలతకు కత్తిరించానంటావు.

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి ముందు కోపం వచ్చింది. "టీ తాగు" అట! నేను నేరం గురించి రాస్తే నువ్వు టీ గురించి రాస్తావు! అయినా పొద్దున నర్సూ టైలరమ్మా పెద్ద టీచరమ్మా రాగానే, "ఇవాళ బండిని గేటు దాకా దించుతున్నాం" అన్నాను. హ్యాండ్‌బ్రేక్ తీశాను. నలుగురం తలో పక్క చెయ్యి వేసి వెనక్కి జార్చాం. గేటు దగ్గర నేల చదునుగా ఉంటుంది. షెడ్డులో కడిగిన నీళ్ళు బయటికి పోవాలని నేల వాలుగా వేశారు కదా, ఆ వాలు అక్కడ అయిపోతుంది. ఇన్నేళ్ళు ఆ వాలు మీద నడిచాను, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

స్టూలు వేసుకున్నాను. టైలరమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఊరికే కూర్చుని టీ తాగడం ఎంత కష్టమో నీకు తెలియదు. కాలు ఊగుతూనే ఉంది. "మీ వదినగారు ఇలా కాలు ఊపేవారు కాదు" అంది పెద్ద టీచరమ్మ. "ఆవిడ బండి వైపు చూస్తూ తాగేవారు. మీరు గ్లాసు వైపు చూస్తున్నారు."

టీ అయ్యింది. నర్సు పుల్ల తీసింది. తుడిచింది, ముంచింది, మళ్ళీ తీసింది. తీసి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పై గీత ఆయిల్‌లో మునిగి కనబడటం లేదు. దాని పైన ఇంకా రెండు వేళ్ళ ఎత్తు తడి.

మేం ముగ్గురం పుల్ల మీదికి వంగి చూశాం. తర్వాత నర్సు, చిన్న గొంతుతో, "నేను కొంచెమే పోశానక్కా" అంది.

"నేనూ కొంచెమే" అంది టైలరమ్మ. "మూతెడు. క్లాసుకు మూతెడు."

"నేను రెండు మూతలు" అంది పెద్ద టీచరమ్మ. "తక్కువ చూపించింది మరి. తక్కువైతే పొయ్యమని గోడ మీద రాశారుగా."

గోడ మీద అలా లేదు. కానీ నా నోట్లో ఉంది, రోజూ.

వాళ్ళకు అప్పుడు బొగ్గుముక్కతో నేల మీద గీసి చెప్పాను. చెప్తూ చెప్తూ నాకూ అర్థమైంది. షెడ్డులో బండి ముక్కు పైకెత్తి నిలబడుతుంది. అడుగునున్న ఆయిలంతా వెనక్కి పోతుంది. పుల్ల ఉన్నది ముందు పక్క. దానికి అందేది కాస్తే. ఉన్నది సరిపోయినా లేనట్టే చూపిస్తుంది. మనం పోస్తాం. రోడ్డెక్కగానే అదనపు ఆయిల్‌ని ఇంజన్ అడుగున తిరిగే క్రాంకు ఇరుసు కవ్వంలా చిలుకుతుంది, నురుగు లేస్తుంది, ఆ నురుగు బ్రీదర్ గొట్టం పట్టుకుని పైకి పొంగి ఫిల్టర్‌లోకీ, అక్కణ్ణుంచి కార్బురేటర్ నోట్లోకీ. పొంగి పోయినంత కిందికి దిగుతుంది, వాలు మీద పుల్ల మళ్ళీ తక్కువ అంటుంది, మళ్ళీ పోస్తాం. చదును మీద టీ అయ్యేదాకా ఆగితే ఆయిల్ సర్దుకుని పుల్ల నిజం చెప్తుంది, నీ టీ అందుకే. దొంగ భయంతో తాళం మార్చి, ఆ తాళంచెవి మెడలో వేసుకుని, లోపల కూర్చుని నేనే పోయించాను.

మెకానిక్‌ని పిలిచాను. వచ్చి పుల్ల చూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నేనూ షెడ్డులోనే చూశానమ్మా" అన్నాడు. "మీరు అంత గట్టిగా తిడుతుంటే బండి ఎటు వాలిందో ఎవరు చూస్తారు?" అడుగు నట్టు విప్పి, ఎక్కువైనదంతా తొట్టిలోకి వదిలాడు. అందరం కలిసి మళ్ళీ కడిగాం, తుడిచాం, కొత్త ఫిల్టర్ వేశాం. నర్సు నడిపింది. సైలెన్సర్‌లో మిగిలిన తడి కాలేదాకా కొంచెం పొగ వచ్చింది. తర్వాత లేదు. రింగులు బాగున్నాయి. బండి బాగుంది.

ఇప్పుడు అసలు మాట. నేను ఆయిల్ విషయంలో నిన్ను అనుమానించాను. అనుమానించడం తప్పనను, ప్రశ్నించని మనిషి మీద నాకు గౌరవం లేదు. కానీ వాలు మీద నిలబడి కొలిచాను. అక్కణ్ణుంచి చూస్తే నువ్వు కూడా తక్కువగానే కనిపించావు వదినా. ఆడది, భర్త పోయాడు, మాట్లాడదు, ఇంతే కదా నా పుల్లకు అందింది! తక్కువైందనుకుని నా మాటలు పోశాను. పత్రిక నిండా పోశాను. నీకు ఊపిరాడకపోతే పొగ వచ్చిందని తిట్టాను. కాలవగట్టు సంగతి నేను మరిచిపోలేదు. వ్యాసానికి బరువు తగ్గుతుందని వదిలేశాను. ఆడవాళ్ళ కథలు మగవాళ్ళు తమకు కావలసినట్టు రాశారని ఇరవై కరపత్రాల్లో తిట్టినదాన్ని. చేసింది అదే పని. క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే నాకు వాదించడానికి ఏమీ మిగలదు.

అయితే, ఆగు. నిన్ను వదిలిపెట్టాననుకోకు. నీ తప్పు నీకుంది. అన్నేళ్ళు ఆ గేటు దగ్గర టీ తాగావు. ఎందుకు తాగుతున్నావో ఒక్కరికైనా చెప్పావా? "చూడండి, పోయొద్దు" అన్నావు. ఎందుకు పోయకూడదో చెప్పలేదు. "నీతో చెప్పబోతే ఉపన్యాసం మొదలుపెడతావు" అంటావు. పెడతాను! పెడితే నా నోరు మూయించి చెప్పాలి. ఇది నీ ఒక్కదాని బండి కాదు, నువ్వు లేనప్పుడు కూడా నడవాల్సిన బండి. తెలిసినది కడుపులో పెట్టుకుని మర్యాదగా ఊరుకోవడం మన ఆడవాళ్ళకు నూరిపోసిన జబ్బు. లారీ రివర్స్ చేసిన మనిషికి ఆ జబ్బు ఎందుకుండాలి? నువ్వు నోరు తెరిచి ఉంటే నర్సు ఏడ్చేది కాదు, పిల్లి కాళ్ళు నేను చూసేదాన్ని కాదు.

నన్ను బట్టి నిర్ణయిస్తానన్నావు. నేను ఇంతే. మారతానని మాటివ్వను, మాటలే నా జబ్బు. సంతకం ముందే పెట్టేస్తున్నాను, దాని కింద వచ్చేది బతిమాలుకోవడం అనుకోకుండా ఉండటానికి.

నీ ఆడపడుచు,
కరపత్రం

డిమాండ్లు:

నెలాఖరుకు కాదు, ఈ ఆదివారమే రావాలి.

అమ్మకం కాగితం నా ఎదురుగా చింపాలి. నేను మాట్లాడకుండా చూస్తాను.

నర్సు పరీక్ష రోజు పక్కన నువ్వే కూర్చోవాలి. నేను కూర్చుంటే నా మాటలకు బెదిరి బ్రేకు తొక్కుతోంది.

పత్రికకు కొత్త వ్యాసం నువ్వే రాయాలి. అందులో నేను వెనక సీట్లో ఐస్‌క్రీం తింటూ ఉండాలి, అంతకు మించి ఉండకూడదు.

గోడ మీద నా నినాదం కింద నీ మాట ఒకటి రాయాలి. ఏం రాయాలో నువ్వే చెప్పాలి, నేను దిద్దను.

తెలిసినదేదైనా అందరి ముందూ గట్టిగా చెప్పాలి. నేను అడ్డొస్తే ఆయిల్ గుడ్డ నా మీదికి విసరాలి.

గేటు దగ్గర నీ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేయాలి.